ట్రిగ్గర్ పోల్చాలంటే ముందు బరువు వేలాడదీయండి

"మా పాప పదో తరగతి, ఏడాదిగా పది మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది, సొంత పిస్టల్ కొందామంటే ఒకరు మోరినీ అంటున్నారు, ఇంకొకరు స్టేయర్ అంటున్నారు, దేని ట్రిగ్గర్ బాగుంటుంది?" అని ఒకరు అడిగారు. ఎనిమిదేళ్లుగా హైదరాబాద్‌లో షూట్ చేస్తున్నాను, ఈ విషయంలో గట్టి దెబ్బే తిన్నాను. అందుకే చెబుతున్నా, రెండు పిస్టళ్లనూ ఒకే బరువుకు సెట్ చేయించి పాప వేలితో నొక్కించేదాకా ఎవరి మాటా వినకండి, నా మాటతో సహా.

నా మొదటి సొంత పిస్టల్ ఒక సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వాళ్లింట్లో సోఫాలో కూర్చుని నాలుగైదు సార్లు డ్రై ఫైర్ చేశాను, అంటే గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కి చూశాను. వేలు ఇలా ఆనిస్తే చాలు, వెన్నలా పడిపోయింది. అప్పటిదాకా క్లబ్బు పిస్టల్ మొండి ట్రిగ్గర్‌తో కుస్తీ పట్టినవాడిని కదా, ఇంకేం ఆలోచించలేదు, అదే రోజు డబ్బులిచ్చేశాను. నెల తర్వాత మ్యాచ్. ఎక్విప్‌మెంట్ చెకింగ్‌లో పిస్టల్ కాక్ చేసి (పేల్చడానికి సిద్ధం చేసి), బ్యారెల్ నిటారుగా పట్టుకుని, ట్రిగ్గర్‌కి 500 గ్రాముల బరువు తగిలించి పైకి లేపారు. బరువు బల్ల మీద నుంచి లేవకముందే టక్‌మంది. రెండోసారీ అంతే. రూల్ ప్రకారం ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు మోయాలి, నాది 400 కూడా మోయలేదనుకుంటా. పక్కకు వెళ్లి చిన్న అలెన్ కీతో స్క్రూ బిగించాను, చేతులు వణుకుతుంటే కీ స్క్రూలో కూర్చోదు. చివరికి పాసయింది కానీ లైన్ మీదకు వెళ్లాక అది నా పిస్టల్ కానే కాదు. పడుతుందనుకున్న చోట ట్రిగ్గర్ పడదు, వేలు ఆగిపోతుంది, చూపు సైట్ మీద నుంచి జారిపోతుంది, ఆ ఆత్రంలో గుంజేస్తాను, గుండు ఎడమ కింద ఏడో రింగులో పడుతుంది. మొదటి పది షాట్లకి వందకి 82. ఆ రోజు అరవై షాట్లు ఎలా పూర్తి చేశానో నాకే తెలుసు.

నాకు నచ్చింది ఆ పిస్టల్ కాదని, పాత ఓనరు పెట్టుకున్న సెట్టింగ్ అని అప్పుడు అర్థమైంది. కొనేవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్‌కి రెండు దశలు, మొదటిది వదులుగా వెనక్కి వస్తుంది, తర్వాత గోడలా ఒకటి తగులుతుంది, దాన్ని దాటితే షాట్. మొత్తం 500 గ్రాములే అయినా మొదటి దశలో 350, రెండో దశలో 150 పెడితే తేలిగ్గా అనిపిస్తుంది, మొదటి దశలో 200, రెండో దశలో 300 పెడితే అదే పిస్టల్ బరువుగా అనిపిస్తుంది. ట్రిగ్గర్ పలకని ముందుకీ వెనక్కీ జరపొచ్చు. చిన్న చెయ్యికి పెద్ద గ్రిప్ ఇస్తే వేలి కొన మాత్రమే అందుతుంది, నొక్కుడు పక్కకు లాగుతుంది, ఎంత ఖరీదైన ట్రిగ్గరైనా చెత్తగానే అనిపిస్తుంది. ఇవేవీ సరిచూడకుండా "దీని ట్రిగ్గర్ సూపరండీ" అని వాట్సాప్ గ్రూపుల్లో తీర్పులిచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

తర్వాత ఒక ఆదివారం రేంజ్‌లో ముగ్గురం కూర్చున్నాం. నా పిస్టల్, ఫ్రెండ్ మోరినీ 162ఈఐ, ఇంకో అబ్బాయి స్టేయర్. గుండ్లు లేవని ఒకరిది ఒకరం చూసుకుని, మూడింటినీ బరువు వేలాడదీసి 510 గ్రాములకి తెచ్చాం. టార్గెట్ వైపే పట్టుకుని, కళ్లు మూసుకుని ఒక్కోదానితో ఇరవై డ్రై షాట్లు. మోరినీది ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్, గోడ తగిలాక కదలికే తెలియదు, సన్న గాజుపుల్ల విరిగినట్టు ఉంటుంది. ఆ స్టేయర్‌ది మెకానికల్, అయినా శుభ్రంగా తెగుతుంది, ఆ తెగడం వేలికి కాస్త తెలుస్తుంది, నాకు అదే నచ్చింది. నాదాంట్లో రెండో దశలో ఇసుక రేణువు అడ్డుపడినట్టు చిన్న గరగర, సోఫాలో కూర్చున్న రోజు నాకది తెలియనే లేదు. విచిత్రం ఏమిటంటే, బరువు సమానం చేసేసరికి మోరినీకీ స్టేయర్‌కీ మధ్య నేను ఊహించినంత తేడా లేదు. ఎలక్ట్రానిక్ అయితే బ్యాటరీ సంగతి చూసుకోవాలి, పాపకి ఆ అలవాటు చేయించాలి, అంతే.

ఇంకో మాట. మన హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ 2018లో పదమూడేళ్లకే సీనియర్ నేషనల్ ఛాంపియన్ అయ్యాక రేంజ్‌లకి వచ్చే తల్లిదండ్రులు బాగా పెరిగారు, సంతోషమే. కానీ పిల్లని పక్కన నిలబెట్టి ట్రిగ్గర్ నాన్న నొక్కి చూసి "బాగుంది, ప్యాక్ చెయ్యండి" అనడం ఏం పద్ధతండీ? ఆయన వేలు వేరు, పాప వేలు వేరు. లక్షలు పోసేటప్పుడు రెండు ఆదివారాలు ఆగలేమా?

రేంజ్‌లో సీనియర్లని మర్యాదగా అడగండి, చాలామంది కాదనరు. సెకండ్ హ్యాండ్ అయితే కోచ్ దగ్గర టెస్ట్ బరువు అడిగి వెంట తీసుకెళ్లండి, డబ్బులిచ్చే ముందు అమ్మేవాళ్ల ఎదురుగానే మూడుసార్లు వేలాడదీయండి. తర్వాత పాప నిలబడి, తన చేతికి సరిపడే గ్రిప్‌తో, కనీసం ముప్పై సార్లు నొక్కాలి. దానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఇంటికి వచ్చేయండి.