సున్నపు నేలలో బత్తాయి కాపు పెరగాలంటే డీఏపీ పెంచొచ్చా?

అన్నా, చెట్లకు ఏడేళ్లు, చిగురు పసుపు, పిందె రాలుడు, కింద తెల్లరాయి అన్నారు కదా, ఇంకో కట్ట డీఏపీ మాత్రం వేయకండి. అనంతపురం వైపు మాదీ అలాంటి చేనే. ఇలాంటి నేలలో జింకు, ఇనుము లేక కాదు, సున్నం వల్ల వేరుకు అందకుండా బిగుసుకుపోతాయి. పైనుంచి డీఏపీతో భాస్వరం ఎక్కువైతే లోపం ఇంకా ముదురుతుంది.

ముందు చెట్టు గొడుగు అంచున మూడడుగుల గుంత తీయండి. అందులోని తెల్లగడ్డ మీద నిమ్మకాయ పిండితే బుస్సుమని నురగ వస్తుంది, అది సున్నమే. జిప్సం వేయమని ఎవరైనా చెబితే వినొద్దు, అది చౌడుకు మందు.

ఇక లేత ఆకు చూడండి. ఈనెలు పచ్చగా వలలా మిగిలి తక్కినదంతా పాలిపోతే ఇనుము లోపం. ఆకు చిన్నదై, సన్నబడి, నిక్కబొడుచుకుని, ఈనెల మధ్య పసుపు మచ్చలుంటే జింకు. మా తోటలో రెండూ ఒకే కొమ్మకు కనిపించేవి. నేలలో వేసిన జింకు మళ్లీ బిగుసుకుపోతుంది కాబట్టి ఆకు మీదే కొట్టాలి. లీటరు నీటికి జింక్ సల్ఫేట్ 5 గ్రాములు, మాంగనీస్, మెగ్నీషియం, ఫెర్రస్ సల్ఫేట్లు రెండేసి గ్రాములు, బోరాక్స్ 1, యూరియా 10, సున్నం 6 గ్రాములు. దేనికది విడిగా కరిగించి, సున్నపు తేట వడకట్టి ఆఖర్న కలపండి. ఇందులో పురుగుమందు కలపొద్దు. ఆకు లేతగా ఉన్నప్పుడే కొట్టాలి, ముదిరాక కొడితే డబ్బు దండగ.

పూత కోసం నీళ్లు ఆపి బెట్ట పెట్టేటప్పుడు నల్లరేగడి వాళ్లను చూసి పోటీ పడొద్దు. మన తేలిక నేలకు ఆకు వడలి కాస్త ముడుచుకుంటే చాలు, అంతకు మించితే ఎండుపుల్ల మిగులుతుంది. తర్వాత మొదటి తడి పలచగా ఇచ్చి మెల్లగా పెంచండి. పాదులో నీళ్లు నిలవనీయొద్దు, సున్నపు నేలలో తేమ ఎక్కువైనా చిగురు పసుపెక్కుతుంది.

వానాకాలం సాళ్ల మధ్య జనుము చల్లి పూత మీద కలియదున్నండి, పశువుల ఎరువు ఏటా తప్పనిసరి. ఫలితం మెల్లగా వస్తుంది. ఖాళీల్లో కొత్త మొక్క పెడితే రంగపూర్ నిమ్మ వేరుమొక్క మీద కట్టిన సాత్‌గుడి (బత్తాయి రకం) అంటుమొక్కనే అడగండి. సున్నాన్ని, నీటి ఎద్దడిని జంబేరి వేరుమొక్క కంటే రంగపూర్ నిమ్మే బాగా తట్టుకుంటుంది. నర్సరీలో రెండూ ఒకటేనంటారు, నమ్మొద్దు.