నిండు నెలల్లో బిడ్డ కడుపులోనే పోతే కారణం తెలుస్తుందా?

మీ చెల్లికి 36 వారాలప్పుడు ఇలా జరిగింది, వాళ్ళ అత్తగారు గ్రహణం రోజు బయట తిరిగిందంటున్నారు, డాక్టరేమో పేగు మెడకి చుట్టుకుందని తేల్చేశారు, నిజమేనా అనడిగారు కదా. గ్రహణం మాట వదిలేయండి. పేగు సంగతి కూడా అంత తొందరగా నమ్మొద్దు, ఆరోగ్యంగా పుట్టే పిల్లల్లోనే నలుగురైదుగురిలో ఒకరికి మెడ చుట్టూ పేగు ఉంటుంది, అలాంటప్పుడు అదొక్కటే కారణమని ఎలా చెప్తారు?

మాది బెంగళూరు, మారతహళ్లి సైడు. నాకు ఎనిమిదో నెలలో కదలిక తగ్గిందని వెళ్తే గుండె కొట్టుకోవట్లేదన్నారు. కోసి తీసేయండని మా అమ్మ ఒకటే ఏడుపు, కానీ మందు పెట్టి నొప్పులు తెప్పించి నార్మల్‌గానే చేశారు, తర్వాతి కాన్పుకి అదే మంచిదట. ఆ గందరగోళంలోనే డ్యూటీ డాక్టరమ్మ మాయని పారేయకుండా ల్యాబ్‌కి పంపిస్తానని మా ఆయనతో సంతకం పెట్టించుకుంది, ఆవిడకి దణ్ణం పెట్టాలి. మాయలో రక్తం గడ్డలు కట్టి బిడ్డకి సరిగ్గా అందలేదని అందులో బయటపడింది. తర్వాత బ్లడ్ టెస్టుల్లో రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీస్ పాజిటివ్, 12 వారాలాగి మళ్ళీ చేస్తే మళ్ళీ పాజిటివే. రెండోసారి రక్తం గడ్డకట్టకుండా మొదట్నుంచీ ఆస్పిరిన్, రోజూ పొట్టకి హెపారిన్ ఇంజెక్షన్. ఇప్పుడు పాప యూకేజీ, ఇల్లు పీకి పందిరేస్తుంది.

అందరికీ ఇదే అని కాదు. బీపీ, షుగర్, బిడ్డ ఎదుగుదల ఆగిపోవడం, మాయ ముందే ఊడిపోవడం, ఇన్ఫెక్షన్, అవయవ లోపాలు, ఇలా చాలా ఉంటాయి. చివరి నెలల్లో అరచేతులు అరికాళ్ళు విపరీతంగా దురద పెట్టాయేమో కూడా అడగండి, వేడి చేసిందిలే అని కొట్టిపారేస్తారు గానీ లివర్‌కి సంబంధించిన కొలెస్టాసిస్ అయ్యుండొచ్చు. అన్ని టెస్టులు చేసినా కొందరికి కారణం దొరకదు, అదీ నిజమే. మాయ పంపకపోయినా ఫర్వాలేదు, స్కాన్లు, బీపీ రాసిన ఫైలు మొత్తం పట్టుకుని హైరిస్క్ ప్రెగ్నెన్సీలు చూసే వేరే డాక్టర్‌కి చూపించండి, ఈ బ్లడ్ టెస్టులు ఇప్పుడైనా చేస్తారు.

ఇంకోటి, పాలు పడతాయి. ముందుగా ఎవరూ చెప్పరు, నాకైతే అదే నరకం. తగ్గడానికి టాబ్లెట్ ఉంది, అడగండి.

చెల్లి ఉద్యోగం చేస్తుంటే లీవ్ కూడా చూసుకోండి. మా ఆఫీసులో అబార్షన్ కింద 6 వారాలే అన్నారు, అప్పుడున్న 1961 మెటర్నిటీ బెనిఫిట్ చట్టంలో చనిపోయి పుట్టిన బిడ్డ కూడా బిడ్డ కిందే లెక్క అని మా ఆయన ఆ పేజీ ప్రింట్ తీసి మెయిల్ పెడితే 26 వారాలూ ఇచ్చారు.