911 కోసం ఇంటి మీద టాపప్ వద్దు

ప్రశ్న: నా వయసు 36. మాది అనంతపురం. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వైట్‌ఫీల్డ్‌లో సొంత ఫ్లాట్. చేతికి నెలకు 3.40 లక్షలు వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 92 వేలు, ఇంటి ఖర్చు 1.10 లక్షలు, ఊళ్లో అమ్మానాన్నలకు 20 వేలు. నా భార్య ఉద్యోగం చేయట్లేదు, పాపకు నాలుగేళ్లు. మూడేళ్ల కిందట సెకండ్‌హ్యాండ్ పోర్షే బాక్‌స్టర్ కొన్నాను, దాని లోన్ తీరిపోయింది. ఆదివారం తెల్లవారుజామున నంది హిల్స్ వైపు వెళ్లే స్పోర్ట్స్ కార్ల గ్రూపులో ఉన్నాను. అక్కడ నా కారును ‘చిన్న పోర్షే’ అంటారు. మొన్న టిఫిన్ దగ్గర, పోర్షేలోనే ఇంకా ఖరీదైన మోడల్ 911లన్నీ వరసగా పెట్టి ఫొటో తీస్తూ నా కారును పక్కకు తీయమన్నారు. అయితే చిక్కబళ్లాపుర దగ్గర కూలెంట్ లీకై నేను ఆగిపోయినప్పుడు అదే గ్రూపులోని ఒక 911 ఆయన, కారును ఎక్కించుకెళ్లే ఫ్లాట్‌బెడ్ లారీ వచ్చేదాకా మూడు గంటలు ఎండలో నాతోనే ఉన్నాడు. ఇప్పుడు పుదుచ్చేరి నంబరుతో ఒక పాత 911 1.10 కోట్లకు వస్తోంది. నా కారు అమ్మితే 30 లక్షలు. ఇంటి లోన్ మీద టాపప్ (అదే ఇంటి మీద అదనపు అప్పు) 40 లక్షలు, కారు లోన్ 40 లక్షలు ఇస్తామని బ్యాంకు చెప్పింది. ఖాతాలో 2.60 లక్షలు, ఈక్విటీ ఫండ్లలో 19 లక్షలు ఉన్నాయి. ఫండ్లలో నెలకు 50 వేలు సిప్ (నెలవారీ మదుపు) కడుతున్నాను. ఆఫీసు హెల్త్ పాలసీ, 9 లక్షల క్రెడిట్ కార్డు లిమిట్ ఉన్నాయి. ఏటా 6 లక్షల దాకా బోనస్. శనివారంలోపు టోకెన్ ఇవ్వాలి. తీసుకోవచ్చా?

జవాబు: టోకెన్ ఇవ్వకండి. మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఆ కారు కాదు. బ్యాంకు ఇస్తానంది కాబట్టి కట్టగలమని నమ్మడం బెంగళూరులో మీలా సంపాదించేవాళ్లలో నేను ప్రతి నెలా చూస్తున్న తప్పు. బ్యాంకు చూసుకునేది తన బాకీ వసూలవుతుందా లేదా అని. మీ పాప స్కూలు ఫీజు దాని లెక్కలో ఉండదు.

లెక్క వేద్దాం. టాపప్ 9 శాతానికి 15 ఏళ్లు అనుకుంటే నెలకు సుమారు 40,600. పాత కారుకు లోన్ 11 శాతానికి ఐదేళ్లయితే దాదాపు 87 వేలు. మీ ఇప్పటి ఖర్చు 2.22 లక్షలకు ఇవి కలిపితే దాదాపు 3.50 లక్షలు. మీ జీతం 3.40 లక్షలు. కారులో పెట్రోలు పోయకముందే, సిప్ కట్టకముందే నెలకు పది వేలు తక్కువ పడుతోంది. ‘బోనస్ ఉంది కదా’ అంటారేమో. బోనస్ కంపెనీ దయ. దాన్ని నమ్ముకుని ఈఎంఐ మొదలుపెట్టిన వాళ్లు తర్వాత పర్సనల్ లోన్‌కు వెళ్లడం ఎన్నోసార్లు చూశాను. పైగా ఆ టాపప్‌కు తాకట్టు మీ ఇల్లే. కారు మీద మోజు నాలుగేళ్లలో తీరినా, మీకు 51 ఏళ్లు వచ్చేదాకా కడుతూనే ఉంటారు. ఒక్క టాపప్ మీదే వడ్డీ 33 లక్షలు!

ఇక నాకు అన్నిటికన్నా భయం వేసిన అంకె చెబుతాను. 2.60 లక్షలు. రేపు ఉద్యోగం పోతే ఈ డబ్బుతో మీ ఇల్లు 35 రోజులు నడుస్తుంది. 911 కొన్నాక అయితే 22 రోజులు. మీ వయసులో, మీ జీతానికి మళ్లీ ఉద్యోగం దొరకాలంటే ఆరు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసుల్లో లేఆఫ్ మెయిల్ అందుకున్నవాళ్లు మీ అపార్ట్‌మెంట్‌లోనే ఉంటారు, అడిగి చూడండి.

19 లక్షల ఫండ్లను ఎమర్జెన్సీ ఫండ్ అనుకోకండి. 2020లో రెండు నెలల్లో సెన్సెక్స్ దాదాపు 42 వేల నుంచి 26 వేల దగ్గరికి పడింది. ఉద్యోగాలకు గడ్డుకాలం కూడా అప్పుడే వచ్చింది. ఆ రెండూ తరచూ కలిసే వస్తాయి. క్రెడిట్ కార్డు లిమిట్‌ను కష్టకాలానికి దాచుకున్న డబ్బులా రాయడం చూసి నాకు కోపమే వచ్చింది. నెలకు 3.5 శాతానికి పైగా కూడా వడ్డీ పడే అప్పు అది.

మీకు కావలసింది తొమ్మిది నెలల ఖర్చు, అంటే 20 లక్షలు, ఎఫ్‌డీలోనో, కావాలన్నప్పుడు తీసుకోగల లిక్విడ్ ఫండ్‌లోనో. సిప్ పోను నెలకు ఇంకా 68 వేలు మిగలాలి. అవి ఎటు పోతున్నాయో మీ ఉత్తరంలో లేదు. డ్రైవ్‌లు, రిసార్టులు, కారు సోకులు కావచ్చు. సిప్ కొన్నాళ్లు ఆపి నెలకు 80 వేలు పక్కన పెట్టండి. ఖాతాలో ఉన్నదీ, ఒక బోనస్ కూడా కలిస్తే 15 నెలల్లో 20 లక్షలు పోగవుతాయి. అంతవరకు మరో రూపాయి అప్పు వద్దు.

2022 సెప్టెంబరు వరదల్లో బెంగళూరులోనే యమలూరు వైపు నా క్లయింట్ ఒకాయన కారు బేస్‌మెంట్‌లో మునిగింది. నేను వెళ్లేసరికి సీటు కుట్ల సందుల్లో బురద ఎండి పొరలుగా లేస్తోంది. నీళ్లు పూర్తిగా తీయకముందే ఆయన కారు స్టార్ట్ చేశారు. నీళ్లు చేరి ఇంజిన్ పాడైతే ఖర్చిచ్చే ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ ఆయన పాలసీలో లేదు, ఇంజిన్ ఖర్చు క్లెయిమ్‌లో రాలేదు. చేతిలో డబ్బు లేక పర్సనల్ లోన్ తీసుకున్నారు. ఆ మరుసటి ఏడాదే ఉద్యోగం పోయింది. కారు కన్నా ముందు ఆయన అమ్ముకున్నది భార్య బంగారం.

మీకు టర్మ్ పాలసీ (మీరు పోతే ఇంటికి డబ్బిచ్చే జీవిత బీమా) ఉన్నట్టు ఎక్కడా రాయలేదు. ఇంటి లోన్, పాప, అమ్మానాన్నలు అందరూ మీ ఒక్కరి జీతం మీదే ఉన్నారు. కనీసం 2.5 కోట్లకు ఈ వారమే దరఖాస్తు చేయండి. ఆఫీసు హెల్త్ పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది. సొంతంగా ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ ఒకే హెల్త్ పాలసీ), అమ్మానాన్నలకు విడిగా ఇంకొకటి తీసుకోండి. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండవచ్చు, అందుకే ఆలస్యం చేయవద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు.

పుదుచ్చేరి నంబరు సంగతి మీరు తేలిగ్గా రాశారు. కారు ఏడాదికి మించి కర్ణాటకలో ఉంటే ఇక్కడ రిజిస్టర్ చేయించాల్సిందే. 20 లక్షలు దాటిన కొత్త కార్లకు ఇక్కడ జీవితకాల పన్ను 18 శాతం, ఆపైన సెస్సు. పాతదైతే వయసును బట్టి తగ్గుతుంది గానీ లక్షల్లోనే ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో బెంగళూరులో రవాణా శాఖ పన్ను కట్టని 30 లగ్జరీ కార్లను పట్టుకుంది. ఆ ఖర్చు మీ 1.10 కోట్లలో లేదు.

ఇక గ్రూపు మాట. ఫొటోలోంచి కారు తీయమంటే మనసు చివుక్కుమంటుంది, అది నాకు అర్థమవుతుంది. కానీ ఆ చిన్నచూపు 911 కొన్నా పోదు. ఫోక్స్‌వ్యాగన్‌తో కలిసి పోర్షే 1969లో తెచ్చిన 914 మోడల్‌ను అసలు పోర్షేనే కాదన్నారు. 1990లలో కష్టాల్లో ఉన్న ఆ కంపెనీని నిలబెట్టింది 1996లో వచ్చిన మీ బాక్‌స్టరే, దాన్నీ తక్కువగానే చూశారు. అంతెందుకు, ఆ తర్వాతి ఏడాది 911కు గాలితో చల్లబడే ఇంజిన్ తీసి నీటితో చల్లబడేది పెడితే, అదీ నిజమైన 911 కాదన్నవాళ్లు ఉన్నారు. 911లోనే రకాలున్నాయి: మీరు పాత కరేరా తెస్తే టర్బో ఉన్నాయన ఒక మాట అంటాడు, ఆయన్ని జీటీ3 ఉన్నాయన అంటాడు. ఎండలో మూడు గంటలు నిలబడిన ఆ పెద్దమనిషి మాత్రం మీ బాక్‌స్టర్ పక్కనే నిలబడ్డాడు. ఆయనతో స్నేహం పెంచుకోండి. ఫొటో తీసినవాళ్లలో ఎవరూ మీ ఈఎంఐ కట్టరు.

ఎప్పటికైనా 911 కావాలంటే, 20 లక్షల ఫండ్ కదపకుండా కారు ధరలో సగం విడిగా పోగేయండి, ఈఎంఐలన్నీ కలిపి జీతంలో 40 శాతం దాటకూడదు. గ్రూపుతో చెన్నై రేస్ ట్రాక్‌కు వెళ్తే మామూలు పాలసీ రేసులకు, వేగ పరీక్షలకు వర్తించదని గుర్తుంచుకోండి.

శుక్రవారం సాయంత్రంలోపు ఆ అమ్మేవ్యక్తికి ఫోన్ చేసి వద్దని చెప్పండి. అదే రోజు బ్యాంకుకు టాపప్ వద్దని మెయిల్ పెట్టండి, లేకపోతే వాళ్లు మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తారు. బాక్‌స్టర్ పాలసీలో ఇంజిన్ ప్రొటెక్షన్ ఉందో లేదో కూడా చూసి నాకు రాయండి.