దాచిన పెళ్లి కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. భీమవరంలో రొయ్యల చెరువులున్న మేనమామ, తండ్రి లేని మేనల్లుడిని ఆయన చదివించడం, ఆ మేనల్లుడు హైదరాబాదులో వేరే కులం అమ్మాయిని ఎవరికీ చెప్పకుండా పెళ్లాడడం: ఇదంతా మన ఇళ్లలో జరిగేదే. నీకు ఆ మనుషులు తెలుసని ప్రతి పేజీ చెబుతోంది. అయితే ఆ జంట పెళ్లిని ఎందుకు దాస్తోందో నువ్వు చెప్పిన కారణం దగ్గర నాకు నమ్మకం కుదరలేదు. మామయ్య ఆస్తి ఇవ్వడని భయం అన్నావు.

ఏ ఆస్తి? ఆ చెరువులు మామయ్య స్వార్జితమని నువ్వే రాశావు. స్వార్జితాన్ని ఆయన తనకు నచ్చినవారికి వీలునామా రాసుకోవచ్చు. రాయకుండా కన్నుమూస్తే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ కూతురికీ వెళ్తుంది. వాళ్లుండగా అక్క కొడుకుకు వాటా రాదు. మరదలిని చేసుకుంటేనే ఆ చెరువులు అతని గడపలోకి వస్తాయి. ఆమెను కాదనుకున్న రోజే అతను ఆ ఆశ కూడా వదులుకున్నాడు. అయినా నోరు విప్పలేకపోతున్నాడంటే అతని గొంతు పట్టుకున్నది వేరే ఏదో ఉంది. ఇంజనీరింగు ఫీజు కట్టిన చేయి అది. ఎంసెట్ కౌన్సెలింగుకు వెంట వచ్చి, రోజంతా ఎండలో బయట నిలబడిన మనిషి అది. అన్నం పెట్టినవాడి కళ్లలోకి చూసి 'మీ మాట కాదన్నాను' అని చెప్పడం ఎంత కష్టమో నువ్వు రాయగలిగితే, ఆస్తి ఊసే అక్కర్లేదు. మామయ్య చేత కులం గురించి అంత పొడుగు ఉపన్యాసం చెప్పించకు. ఆయన చేసిన మంచిని ముందు చూపించు. ఆ తర్వాత ఆయన ఒక్క మాట అన్నా పాఠకుడికి భయం వేస్తుంది.

ఇక పెళ్లి ఘట్టం. పొద్దున రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లి మధ్యాహ్నానికి దండలతో బయటికి వచ్చారని రాశావు. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద అది కుదరదు. ముందుగా నోటీసు ఇవ్వాలి, దాన్ని కార్యాలయంలో అందరికీ కనిపించేలా అంటిస్తారు, 30 రోజులు ఆగాలి. పెళ్లికొడుకు శాశ్వత నివాసం వేరే జిల్లా అయితే ఆ నోటీసు ప్రతిని అక్కడి వివాహ అధికారికీ పంపుతారు, అక్కడా అంటిస్తారు. అంటే పెళ్లి హైదరాబాదులోనే అయినా, ఇద్దరి పేర్లూ మామయ్య జిల్లాలో ఒక గోడ మీదికి చేరతాయి. నిజానికి ఆయన ఇష్టాయిష్టాలతో చట్టానికి పని లేదు. వయసు చాలకపోవడం, ముందే పెళ్లయి ఉండడం, దగ్గరి రక్తసంబంధం వంటి కారణాలకే అభ్యంతరం చెల్లుతుంది. కానీ ఆ గోడ ముందు నుంచి వెళ్లే తెలిసినవాడికి చట్టంతో ఏం పని? ఎన్నో జంటలు గుడిలోనో ఆర్యసమాజంలోనో పెళ్లి చేసుకుని, తర్వాత హిందూ వివాహ చట్టం కింద నమోదు చేయించుకునేది ఇందుకే. నీ జంట ఏ దారి పట్టినా సరే, ఆ ఆలోచనలు వాళ్ల మధ్య నడవనివ్వు. నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన చోట ఒక పూర్తి అధ్యాయం ఉంది.

అద్దె ఇల్లు దొరికిన భాగం నాకు చాలా నచ్చింది. ఇంటి యజమానురాలు పెళ్లయిందన్న రుజువు అడిగితే ఫొటోలు చూపిస్తారు. అదే వారం మామయ్య ఫోను చేస్తే, గదిలో స్నేహితుడు ఉన్నాడని అబ్బాయి చెబుతాడు. ఒకరికి రుజువు చేయాల్సిన పెళ్లినే మరొకరి దగ్గర లేదనాలి. అక్కడ ఇంకాస్త నిలబడు. సంక్రాంతికి ఆ అమ్మాయి 'తోటి ఉద్యోగి'గా భీమవరం వెళ్లేముందు పసుపుతాడు తీసి పెట్టెలో దాచిందని మూడు మాటల్లో తేల్చేశావు. తాళి తీయడమంటే మన ఆడవాళ్లకు ఏమిటో నీకు తెలియనిది కాదు. ఆమె తీస్తుందా, జాకెట్టు లోపలికి తోసుకుంటుందా, అసలు రానంటుందా? మెట్టెలు తీసినా వేళ్ల మీద తెల్లటి గుర్తు ఉంటుంది. దాన్ని ముందుగా పసిగట్టేది మామయ్య కాదు, అత్తయ్య.

అన్నింటికంటే ముఖ్యం మరదలు. నీ కథలో ఆమె రెండుసార్లు కాఫీ ఇచ్చి వెళ్లిపోయింది. ఆమెను అలా వదిలేశావని నాకు బాధ కలిగింది. బావ ఉన్నాడు కదా అని ఆ ఇంట్లో వచ్చిన సంబంధాలన్నీ తిప్పి పంపుతున్నారు. చుట్టాలు ఆమెను అతని పేరుతో ఆటపట్టిస్తున్నారు. అతను మౌనంగా ఉన్న ప్రతి నెలా ఆమె వయసులోంచి, ఆమె నిర్ణయాల్లోంచి పోతోంది. మేనమామకు తెలిస్తే ఏమవుతుందోనని నువ్వు కథంతా వణికావు. తెలియకపోవడం వల్ల ఈ పిల్లకు ఏమవుతోందో ఒక్కసారీ అడగలేదు. నీ నాయకుడు మంచివాడే, నేనూ అతన్ని ఇష్టపడ్డాను. కానీ అతని మంచితనానికి పరీక్ష భార్యను ప్రేమించడంలో లేదు, ఈ మరదలికి నిజం చెప్పడంలో ఉంది. ఆమెకూ బావ మీద ఇష్టం లేకపోవచ్చు, ఆమె మనసులో మరెవరో ఉండవచ్చు. అంత సులువైన దారి మాత్రం పట్టకు. ఆమెకు అతనంటే నిజంగా ఇష్టమని పెట్టుకుని రాసి చూడు.

ముగింపులో మామయ్యకు గుండెపోటు తెప్పించావు, ఆస్పత్రి మంచం దగ్గర అందరినీ కలిపావు. అది తీసెయ్యి. మనవడిని చూసి కరిగిపోయే ముగింపు కూడా వద్దు. అబ్బాయి భీమవరం బస్సు దిగి, మామయ్య చెరువు గట్టున ఉన్నాడని తెలిసీ, ముందు ఇంటికి వెళ్లి మరదలితో మాట్లాడనీ. ఆమె ఏమంటుందో నాకు తెలియదు, నువ్వే రాయాలి. తిరగరాశాక కథంతా పంపకపోయినా ఫర్వాలేదు, ఆ సంభాషణ ఒక్కటి ముందు పంపు. ఎదురుచూస్తుంటాను.