పేదవాళ్ళకు డబ్బిచ్చి వాళ్ళమీద మందుల పరీక్షలు చేయడం న్యాయమేనా?

మీ తమ్ముడు హైదరాబాద్‌లో మందుల పరీక్షకు వెళ్తానంటున్నాడని, డబ్బిచ్చి ఇలా చేయించడం న్యాయమేనా అని అడిగారు. డబ్బివ్వడంలో తప్పు లేదన్నది నా అభిప్రాయం. రెండు రోజులు పని మానుకుని, చేతికి సూది పెట్టించుకుని, గంటగంటకూ రక్తం ఇచ్చే మనిషికి కూలి గిట్టాల్సిందే. నా కోపమంతా వేరే చోట ఉంది. మనిషి దగ్గర తీసుకున్నదాని లెక్కను తిరిగొచ్చి ఆ మనిషికే చెప్పరు. ఆ అన్యాయాన్ని నేను మా ఇంట్లోనే చూశాను.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. తాగే నీళ్ళలోని ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయే జబ్బు అనగానే పత్రికల్లో కనిపించే ఊళ్ళు మావే. నేను ఆరో తరగతిలో ఉండగా ఒక బృందం జీపులో వచ్చి బడి వరండాలో బల్ల వేసుకుంది. పెద్దవాళ్ళను వరుసగా నిలబెట్టి, మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు అందుకోమన్నారు, గడ్డం ఎదకు ఆనించమన్నారు, చేతులు చాచి, మడిచి తల వెనుక పెట్టమన్నారు. మా నాయనమ్మకు మూడూ చేతకాలేదు. ఆమె నడుము అప్పటికే వంగిపోయింది, పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పాల్సి వచ్చేది. గోడకు ఆనించి ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటో తీశారు. మూత్రానికి చిన్న సీసా ఇచ్చి, దానికి అంటించిన నంబరునే ఒక చీటీ మీద రాసి చేతిలో పెట్టారు. 47. ఊళ్లోని నాలుగు బోర్ల నీళ్ళూ, చెరువు కింది పాత బావి నీళ్ళూ పట్టుకున్నారు. "రిపోర్టు వస్తుంది పెద్దమ్మా, చీటీ దాచుకో" అన్నారు. వేలిముద్ర వేయించుకున్న కాగితంలో ఏముందో ఎవరూ చదివి వినిపించలేదు.

నాయనమ్మ ఆ చీటీని రేషన్ కార్డు మడతలో పెట్టుకుంది. ఊళ్లోకి జీపు వస్తే చాలు, అది ఎన్నికలదైనా కరెంటు వాళ్ళదైనా, కర్ర ఊతంతో గుమ్మంలోకి వచ్చి "నా చీటీ సంగతి ఏమయింది బిడ్డా?" అని అడిగేది. అంకె మాసిపోతే నాతో పెన్నుతో దిద్దించుకుంది. ఆమె పోయేదాకా ఎవరూ రాలేదు.

రిపోర్టు వచ్చినా ఆమె నడుము నిటారయ్యేది కాదు, నిజమే. ముదిరిన ఈ ఫ్లోరోసిస్ జబ్బును వెనక్కి మళ్ళించే మందు లేదు. నీళ్ళ రిపోర్టు సంగతి అలా కాదు. ఒకే ఊళ్లో బోరుకూ బోరుకూ ఫ్లోరైడ్‌లో చాలా తేడా ఉంటుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగకూడదు. కొన్నేళ్ళకు ఇంకెవరో వచ్చి పరీక్ష చేసి, బోరు దిమ్మె మీదనే రంగుతో అంకె రాసి వెళ్ళారు. మేము రోజూ బిందెలు నింపుకున్న బడి బోరుకు ఆరు పైన, చెరువు కింది బావికి ఒకటీ చిల్లర! అప్పటికి ఆ బావి వాడకం లేక కంపచెట్లతో నిండిపోయింది. ఈ లెక్క మొదటి బృందం చేతిలో ఉండి ఉంటుంది. సర్పంచుకు ఒక పోస్టుకార్డు రాసినా మా ఊరు బావి నీళ్ళు తాగేది. ఆ మధ్యకాలంలో పుట్టిన మా చెల్లెలికి పళ్ళనిండా గార, దొడ్డికాళ్ళు. ఈ విషయంలో నేను ఎవరినీ క్షమించలేను.

అలాగని పరిశోధనలు వద్దనను. మా జిల్లా జబ్బు గురించి 1950ల నుంచే వైద్య పత్రికల్లో రాశారు. పటిక, సున్నం కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) రూపొందిస్తే దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు వచ్చింది. ఈ పరీక్షలే లేకుంటే కృష్ణా నీళ్ళ కోసం మావాళ్ళు చేసిన పోరాటానికి ఆధారం ఎక్కడిది? ఇప్పుడు నల్లా తిప్పితే ఆ నీళ్ళే వస్తున్నాయి.

నిబంధనలకూ కొదవ లేదు. ఖైదీల మీద ప్రయోగాలు చేసిన నాజీ డాక్టర్ల విచారణలో పుట్టిన 1947 నాటి న్యూరెంబర్గ్ నియమావళిలో మొదటి మాటే సమ్మతి. ప్రపంచ వైద్య సంఘం 1964లో మొదలుపెట్టిన హెల్సింకి ప్రకటనలో, పాల్గొన్నవాళ్ళకు ఫలితాలు తెలుసుకునే అవకాశం ఇవ్వాలని ఇప్పుడు స్పష్టంగా ఉంది. ఆచరణ ఎలా ఉంటుందో ఖమ్మం జిల్లా చూపించింది. 2009లో అక్కడ ఒక పరిశోధన ప్రాజెక్టు కింద ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. అలాంటి పత్రాలు 2,763 అని పార్లమెంటు సంఘం తేల్చింది. తల్లికి ఒక మాట చెప్పే తీరిక లేకపోయిందా?

సమ్మతి పత్రాల తెలుగు గురించీ చెప్పాలి. నిరుడు మా బావను షుగర్ మందు పరీక్షలో చేర్చుకుంటామంటే నేనూ ఆసుపత్రికి వెళ్ళాను. పద్నాలుగు పేజీలు ఇచ్చారు. అందులో 'యాదృచ్ఛికీకరణ', 'ద్వంద్వ అంధ అధ్యయనం'. తెలుగు ఎం.ఏ. చదివిన నాకే రెండుసార్లు చదివితే గాని అర్థం కాలేదు. ఎవరికి ఏ మందు అన్నది చీటీ తీసినట్టు తేలుతుంది, అది మీకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు అని రాస్తే ఏం పోతుంది?

మీ తమ్ముడిని ఆపకండి, కానీ ఒంటరిగా పంపకండి. మధ్యలో మానేస్తే అప్పటిదాకా గడిపిన రోజులకు డబ్బిస్తారా అని అడగండి. చివరి రోజే మొత్తం ఇస్తామంటే, ఎప్పుడైనా మానుకోవచ్చన్న హక్కు కాగితానికే పరిమితం. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని మందుల పరీక్షలపై కేంద్ర ప్రభుత్వం తెచ్చిన 2019 నిబంధనలు చెబుతున్నాయి. దానికి ఎవరికి ఫోన్ చేయాలో రాయించుకోండి. ఆ తర్వాత, ఫలితం ఎవరు, ఎప్పుడు చెబుతారో అడగండి.

మా బావ తరఫున నేను అదే అడిగాను. ఆ డాక్టరు కాసేపు ఆలోచించి, చివరి పేజీ అంచున ఒక వాక్యం రాసి, తేదీ వేసి, తన ఫోన్ నంబరు కూడా రాశారు. అది చదివాకే బావను సంతకం పెట్టమన్నాను. పరీక్ష ఇంకా ఎనిమిది నెలలుంది. ఆ తేదీని నేనూ క్యాలెండరులో రాసి పెట్టుకున్నాను.