“నా చేతులు నావి కానట్టు అనిపిస్తోంది”

ప్రశ్న: రెండేళ్ల కిందట బైక్ యాక్సిడెంట్‌లో మా తమ్ముడు పోయాడు. అప్పటినుంచి వారానికి మూడు నాలుగు రాత్రులు అదే కల. లారీ లైట్లు మీదికొస్తాయి, అరవబోతే గొంతు పెగలదు. నాలుగింటికి లేస్తే మళ్లీ పడుకోను. పగలు వంట చేస్తుంటే నా చేతులు నావి కానట్టు అనిపిస్తుంది. పాప పిలుపు ఎక్కడో దూరం నుంచి వినిపిస్తుంది. చిన్నదానికే పాపను కొట్టి, తర్వాత ఏడుస్తాను. నిద్రలో మూలుగుతున్నానని మా అత్తగారు తాయెత్తు కట్టించారు. నాకు పిచ్చి పడుతోందా?

జవాబు: లేదమ్మా. చేతులు “నావి కానట్టు అనిపిస్తుంది” అన్నారే గానీ “నావి కావు” అనలేదు. ఆ తేడా మీకు తెలుస్తోంది కాబట్టి భయపడకండి. దీన్ని మేం డిసోసియేషన్ అంటాం. తట్టుకోలేని బాధ నుంచి మనసు కాస్త పక్కకు జరగడం. నిద్ర చాలకపోతే ఇది ఇంకా ముదురుతుంది.

కలలొచ్చే నిద్ర తెల్లవారుజామునే ఎక్కువ. మీరు నాలుగింటికి లేచి కూర్చుంటే పోయేది ఆ భాగమే. నిద్ర చాలని మెదడులో భయాన్ని, కోపాన్ని రాజేసే అమిగ్డాలా చెలరేగుతుంది, దానికి పగ్గం వేసే ముందుభాగం పట్టు సడలుతుంది. పాప వీపు మీద పడే దెబ్బలో ఈ నిద్రలేమి వాటా చాలానే ఉంది. అలాగని పాపకు చెప్పకుండా ఊరుకోవద్దు. “అమ్మకు నిద్ర లేదు, తప్పు నీది కాదు” అనండి. పిల్లలకు అర్థమవుతుంది.

ముందు కల సంగతి చూద్దాం. పగటిపూట, నిద్రకు బాగా ముందు, ఆ కలను నోటుబుక్కులో మీకు నచ్చినట్టు మార్చి రాయండి. తమ్ముణ్ని బతికించాలనేమీ లేదు. లారీ దూరంగానే ఆగిపోవచ్చు, మీ గొంతు పెగలవచ్చు. కొత్త కలను రోజూ పది నిమిషాలు కళ్లు మూసుకుని ఊహించుకోండి. అమెరికాలోని న్యూ మెక్సికోలో లైంగిక దాడికి గురైన 168 మంది మహిళలతో చేసిన అధ్యయనం 2001లో వెలువడింది. ఈ పద్ధతి నేర్చుకున్నవాళ్లకు పీడకలలు తగ్గాయి, నిద్ర మెరుగైంది. రాస్తుంటే గుండె దడదడలాడితే ఆపేయండి, ఆ పని కౌన్సెలర్ దగ్గర కూర్చుని చేద్దురుగాని.

వంటింట్లో మనసు జారిపోతున్నట్టు అనిపిస్తే ముందు స్టవ్ కట్టేయండి. అరికాళ్లు నేలకు గట్టిగా ఆనించి, ఇంగువ డబ్బా మూత తీసి వాసన చూడండి. కనిపించిన గిన్నెల పేర్లు పైకే చెప్పుకోండి.

తాయెత్తు ఉండనివ్వండి. అసలే నిద్ర లేదు, దాని మీద గొడవ కూడానా! మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం తెచ్చుకోకండి. చనిపోవాలనిపించినా, పాపకు హాని చేస్తానేమోనని భయం వేసినా ఆగకుండా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మధ్యలో కాసేపు ఏం జరిగిందో గుర్తుండకపోతే అది మూర్ఛ కూడా కావచ్చు, న్యూరాలజిస్ట్ చూడాలి.

రెండేళ్లు మోశారు, ఇక సైకియాట్రిస్ట్‌ను కలవండి. వెళ్లేటప్పుడు అత్తగారిని వెంట తీసుకెళ్లండి. రాత్రిళ్లు మీ మూలుగు విన్నది ఆవిడే, డాక్టరు అడిగేదీ అదే.