సూర్యుడు ఊడ్చే చెత్త

ప్రశ్న: సౌర తుఫాను వస్తే అంతరిక్షంలో చెత్త రాలిపోతుందంటారు. సూర్యుడెక్కడ, భూమి చుట్టూ తిరిగే లోహపు ముక్కలెక్కడ?
– ఓ పాఠకురాలు, సూళ్లూరుపేట

జవాబు: ఊడ్చేది నిజానికి గాలే. 400 కిలోమీటర్ల ఎత్తులోనూ పలచగా గాలి ఉంటుంది. సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగంతో పోయే వస్తువుకు ఆ కాస్త గాలీ అడ్డమే. రాపిడికి శక్తి పోయి కక్ష్య దిగిపోతుంది. సుమారు 11 ఏళ్లకోసారి సూర్యుడు ఉధృతంగా ఉంటాడు. అప్పుడు వాతావరణం పైపొర వేడెక్కి ఉబ్బుతుంది, కింది గాలి పైకొస్తుంది, రాపిడి పెరుగుతుంది.

అయితే ఈ చీపురుకు చెత్తేదో, సరుకేదో తెలియదు. 2022 ఫిబ్రవరిలో స్పేస్‌ఎక్స్ పంపిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాలు దాదాపు 210 కిలోమీటర్ల ఎత్తులో ఉండగా సౌర తుఫాను తగిలింది. 38 కాలిపోయాయి.

పైగా ఎత్తు పెరిగేకొద్దీ చీపురు అందదు. 600 కిలోమీటర్ల లోపైతే కొన్నేళ్లలో రాలిపోతుంది, 800 దాటితే శతాబ్దాలే. 2007లో చైనా తన పాత ఉపగ్రహాన్ని క్షిపణితో పేల్చింది 860 కిలోమీటర్ల పైన. ఆ ముక్కల్లో అధికభాగం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

అందుకే మీ పక్కనున్న శ్రీహరికోట నుంచి 2024 జనవరి 1న వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ, ఉపగ్రహాన్ని 650 కిలోమీటర్ల దగ్గర వదిలాక, దాని నాలుగో దశను 350కి దించారు. మిగిలిన ఇంధనాన్నీ బయటికి వదిలేశారు. అది ట్యాంకులో ఉండిపోతే ఎప్పుడో పేలుతుంది: 2001లో ఒక పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ అలాగే పగిలి 300కు పైగా ముక్కలైంది. 350కి దించినది మార్చి 21న పసిఫిక్ మీద వాతావరణంలోకి దిగి ముగిసింది.

ప్రశ్న: కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి వేడెక్కుతుంది కదా, పైన గాలి కూడా ఉబ్బి చెత్త త్వరగా రాలాలిగా?
– ఓ డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: జరిగేది తలకిందులు. కింద దట్టమైన గాలిలో ఆ వాయువు వేడిని పట్టి ఉంచుతుంది. పైన గాలి పలచన కాబట్టి అదే వాయువు వేడిని అంతరిక్షంలోకి వెదజల్లేస్తుంది. పైపొర చల్లబడి కుంచించుకుపోతుంది, రాపిడి తగ్గుతుంది, చెత్త ఇంకా ఎక్కువకాలం ఉంటుంది. ఈ నష్టం మెల్లగా, దశాబ్దాల మీద తెలుస్తుంది.

ప్రశ్న: కాలిపోతే ఇక బాధ లేనట్టేనా?
– ఓ పాఠకుడు, డాలస్

జవాబు: కాదు. అల్యూమినియం కాలితే ఆక్సైడ్ పొడిగా మిగులుతుంది. ఓజోన్ పొర ఉండే స్ట్రాటోస్ఫియర్‌లో విమానాలతో చేసిన పరిశీలన 2023లో వెలువడింది: అక్కడి పెద్ద గంధకామ్ల రేణువుల్లో దాదాపు పదో వంతులో ఇలాంటి లోహాల జాడ ఉంది. ఓజోన్‌కు అది చేసే చేటెంతన్నది ఇంకా లెక్క తేలాల్సిన విషయం. జపాన్‌లో క్యోటో విశ్వవిద్యాలయం వాళ్లు 2024లో 10 సెంటీమీటర్ల చెక్క ఉపగ్రహాన్ని పంపింది ఈ పొడి బెడద తగ్గించడానికే.